పీకేసిన పదమూడు పేర్లు

ఫిలడెల్ఫియా, 1787 సెప్టెంబరు 20

న్యూపోర్టులోని అన్నయ్యకు,

రాజ్యాంగం అచ్చయింది, ఇక నోరు విప్పొచ్చు. ఆగస్టులో మా అచ్చుశాల వేసిన ముసాయిదాలో మొదటి వాక్యానికి అక్షరాలు కూర్చింది నేనే. అందులో పదమూడు రాష్ట్రాల పేర్లున్నాయి. మీ రోడ్ ఐలాండ్ ఈ రాజ్యాంగం రాసిన సభకు ఒక్క మనిషినీ పంపకపోయినా దాని పేరూ ఉంది. పోయిన వారం మా ఫోర్‌మన్ థాడియస్ వచ్చి, "ఆ పేర్లన్నీ పీకెయ్" అన్నాడు.

"రానివాళ్ళది తీస్తే చాలదా?"

"అన్నీనయ్యా! రేపు ఏ రాష్ట్రం ఒప్పుకుంటుందో, ఏది అలుగుతుందో!"

ఇప్పుడక్కడ "సంయుక్త రాష్ట్రాల ప్రజలమైన మేము" అని ఉంది. అది కూరుస్తుంటే, "మమ్మల్ని కాదని రాసుకోడానికి మీరెవరు?" అని నువ్వు రాసిన ఉత్తరం గుర్తొచ్చింది. అచ్చయిన ప్రతిని ఒకదాన్ని నీకు పంపుతున్నాను. వాళ్ళు "మేము" అని రాశారు. నువ్వు "మనం" అని చదువుకో.

నీ తమ్ముడు