ఎల్లవ్వ సమ్మె

మంగళవారం, రాత్రి.
సమ్మె వల్ల బస్సులు ఇవాళ కూడా లేవు.

జీతాల పుస్తకంలో పేరు లేనివాళ్ళ పని దేశ ఆదాయంలో ఎంతో తేల్చాలని మా ఎకనామిక్స్ సార్ సర్వే ఫారాలిచ్చారు. సర్వేకి నాకిచ్చిన ఊరు లింగాల ఘనపూర్ వెళ్ళే దారి లేక ఇక్కడే, జనగామలో, మా వెనక వీధిలో విస్తరాకులు కుట్టి అమ్మే ఎల్లవ్వ దగ్గర కూర్చున్నాను.

"పోయిన వారం ఎన్ని రోజులు పని చేసినవ్ అవ్వా?"

"ఒక్క దినం గూడ లేదు బిడ్డా. ఆఫీసులోళ్ళు సమ్మె చేస్తుంటే నేను చెయ్యొద్దా?"

అంటూనే మోదుగాకులకు పుల్ల గుచ్చుతోంది. సమ్మెకు మద్దతుగా రేపు రోడ్డు మీదే వండి అందరికీ పెట్టే వంటావార్పుకట. పోయిన వారం వంటావార్పులన్నిటికీ తనే కుట్టి ఊరికే ఇచ్చింది.

"మరి ఇది పని కాదా?"

"పైసలు తీస్కోలే గద, పనెట్లయితది?"

సార్ చెప్పిన నియమమూ అదే. అమ్మకం లేకపోతే 'పని లేదు' గడిలో టిక్ పెట్టాలి. ఆ మాట అనగానే ఎల్లవ్వ చెయ్యి ఆగిపోయింది.

"నన్ను పనిలేనిదాన్నని రాస్తవా? మొన్న రోడ్డు మీద కూసొని రెండుమాట్ల పప్పేయించుకున్నవ్. దేంట్ల తిన్నవ్, దోసిట్లనా?"

సిగ్గేసింది. ఆఫీసువాళ్ళ సమ్మెకు రిజిస్టరుంది. ఈమె సమ్మెకూ లేదు, పనికీ లేదు. అయినా రెండూ ఒకేసారి చేస్తోంది!

టిక్ పెట్టలేదు. 'వారమంతా పని చేసింది' అని పెన్నుతో రాశాను. రేపు ఫారాలిచ్చేటప్పుడు సార్ ఎందుకని అడుగుతారు. ఆయన ముందు నాకు నోరు పెగలదు. చెప్పాల్సిన మాట ఇప్పుడే, ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని, పైకి అని చూసుకున్నాను.

మధ్యగదిలోంచి అమ్మ, "ఎవరితోనే కొట్లాడుతున్నవ్?" అంది.