ఒక్క కుక్కకు పద్నాలుగు కడుగుళ్లు

నస్పూర్

అంబ్రీన్ ఆపాకు తమ్ముడు అర్ఫాత్ సలాములు. అమ్మీ మోకాళ్ల సంగతి పక్కన పెడితే ఇక్కడ అందరం కులాసా. అబ్బాకు బొగ్గు బావిలో ఈ వారం మొదటి షిఫ్టు. నీ ప్రయోగశాల నుంచి వచ్చిన అతిథులిద్దరూ మా అందరికన్నా కులాసా.

నీ ప్రశ్నలకు జవాబులు. కుక్కలు రెండింటికీ గుండె మాత్రలు వేళకు వేస్తున్నాను. ఆయాసం లేదు. రక్తనాళాల జబ్బును పరిశోధించడానికి మీరు ఒక కుక్క జన్యువును మార్చి, క్లోనింగ్‌తో దాని నుంచి ఈ రెండింటినీ పుట్టించారని పక్కింటి కనకవ్వకు వివరించాను. ఆమె ఓపికగా విని, "అంటే జిరాక్స్ తీసిండ్రు" అంది. సైన్సు డిగ్రీ చదివినవాణ్ని, కాదనలేకపోయాను.

ఇక, రెండింటి దత్తతకూ అమ్మీ ఒప్పుకుందా అని అడిగావు, లేకుంటే ఒకటి తిరిగి ప్రయోగాలకే పోతుందని రాశావు. ఈ ప్రశ్నను రెండు ఉత్తరాలుగా దాటవేశాను. ఇప్పుడు నేరం ఒప్పుకుంటున్నాను. నమాజు చదివే ఇంట్లో ఒక్క కుక్కకు ఒప్పించేసరికే నా చదువంతా ఖర్చయిపోయింది. అందుకని ఒక్కటే అని చెప్పాను. రెండూ ఒకే అచ్చు కదా, పన్నెండు రోజులుగా వంతులవారీగా ఒకటి మన వాకిట్లో ఉంటే ఇంకోటి కనకవ్వ పెరట్లో.

అమ్మీ షరతులు నీకు తెలియనివా? కుక్క గడప దాటొద్దు. అది నాకిన పళ్లెం ఏడుసార్లు కడగాలి, మొదటిసారి మట్టితో. అబద్ధమాడాను గానీ, శుద్ధి దగ్గర మోసం చేయలేను. ఉన్నది ఒకటే పళ్లెం. ఒకటి తిన్నాక ఏడు, రెండోది తిన్నాక ఏడు. నిన్న నల్లా దగ్గర అమ్మీ నిలబడి లెక్కపెట్టింది.

"ఒక్క కుక్కకు పద్నాలుగు కడుగుళ్లేందిరా?"

"జర సాఫ్‌గ ఉంటదని, అమ్మీ."

"నువ్వు తిన్న పళ్లెం ఒక్కనాడన్న కడిగినవా?"

అంతా చెప్పేశాను. ఒకటి వాపస్ పోవాలన్నది కూడా.

"నాలుగు దినాల సంది నాకెరుకే. నువ్వెప్పుడు చెప్తవో సూద్దామనుకున్న," అంది. "ఒకటేమో గబగబ మింగుతది. ఇంకోటి నేను పక్కన కూసున్నదాంక ముట్టదు. గవి రెండు ఒక్కటెట్లయితయి? నేను లేకుంటె గా రెండోది అక్కడ ఏం తింటది?"

ఈ ప్రశ్నకు జవాబు మీ పరిశోధనలో ఉంటే రాయి.

దత్తత కాగితాలు రెండూ నింపి పంపుతున్నాను. యజమాని అన్నచోట నా పేరు రాయబోతే అమ్మీ కలం లాక్కుంది. రెండింటి మీదా ఉర్దూలో ఉన్న సంతకం ఆమెదే.

ఇట్లు,
గిన్నెల శాఖలో స్థిరపడిన నీ తమ్ముడు
అర్ఫాత్