నాయన రైఫిల్‌కు స్కోపు

జూన్ 8, ఆదివారం
ఇప్పుడే షూటింగ్ రేంజి నుంచి వచ్చాను. మూడు వందల మీటర్ల దూరాన ఒక్క తూటా కూడా గురిబోర్డు నల్ల మచ్చలో పడలేదు. చేయి బాగానే ఉంది. కన్నే మోసం చేస్తోంది. గొట్టం చివర గురిచూసే సైటు మసకగా, రెండుగా కనిపిస్తోంది. దుర్భిణిలా దూరం చూపే స్కోపు పెట్టుకోండి, లేదంటే ఆగస్టు పోటీ మరిచిపోండి అన్నాడు కోచ్.
నాయనకు చెప్పలేదు.

జూన్ 10
చెప్పాను. స్కోపు బిగించాలంటే రైఫిల్ పైభాగంలో రంధ్రాలు వేయించాలి. లైసెన్సు నా పేరున ఉన్నా రైఫిల్ నాయనదే. శనక్కాయ చేన్ల మీద పడే అడవిపందులను ఆయన ఏళ్ల తరబడి తరిమింది దానితోనే.
"దానికి తూట్లు పొడిపిస్తావా మ్మా?"
సగం అన్నంలో లేచిపోయాడు.

జూన్ 13
వాన లేదు. గాలి, దుమ్ము.
గార్లదిన్నె వంక ఒడ్డు గుర్తొస్తోంది... అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. నాయన నన్ను బోర్లా పడుకోబెట్టి, ఖాళీ రైఫిల్ గొట్టం మీద ఒలిచిన శనక్కాయ గింజ పెట్టేవాడు. ట్రిగ్గర్ నొక్కినా గింజ కదలకూడదు. పడితే మళ్లీ మొదలు. పడకపోతే ఆ గింజ నా నోట్లో. ఆడపిల్లకు తుపాకీ ఎందుకప్పా అని ఎవరన్నా అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఎండకు మెడ కాలుతుంటే తన తువ్వాలు తడిపి కప్పేవాడు. ఆ తడిగుడ్డ వాసన — ఇప్పటికీ.

జూన్ 17
పొద్దున్నే నాయనే చొక్కా వేసుకొని వచ్చాడు.
"మాబు కాడికి పోదాం పా. వేరేవాళ్లు చేయి పెడితే నేనొప్పుకోను."
మాబన్నది టౌన్లో తుపాకుల రిపేరు షాపు. నాయనకు చిన్ననాటి స్నేహితుడు. రంధ్రాలకు గుర్తులు పెట్టేదాకా నాయన పక్కనే నిలబడి, మళ్లీ కొలవమన్నాడు. డ్రిల్లు తిరగడం మొదలవగానే బయటికెళ్లి బల్ల మీద అటు తిరిగి కూర్చున్నాడు.
"కూతురికి ముక్కు కుట్టించినట్టు అనుకోప్పా," అన్నాడు మాబన్న లోపలి నుంచే.
నాయన నవ్వలేదు. కానీ ఇటు తిరిగాడు.

జూన్ 18
మాబన్న బిగించిన రింగుల్లో స్కోపు పెట్టాను. పెరట్లో చాప మీద పడుకొని ముందుకూ వెనక్కూ జరిపి చూసుకున్నాను. కంటికి మరీ దగ్గరైతే పేలినప్పుడు వెనక్కి తన్ని కనుబొమ చీలుతుంది. లోపలి నిలువు గీత సరిగ్గా నిటారుగా ఉండాలి — మేస్త్రీ దగ్గర తెచ్చిన గుండుదారం ఎదురుగా వేలాడదీసి చూడాలి. దారం నేను పట్టుకుంటానన్నాడు నాయన. ఆయన చేయి వణికింది. దారమూ వణికింది. ఇద్దరం చూశాం. తీసుకెళ్లి కొక్కేనికి కట్టాడు.
స్క్రూలు కొంచెం కొంచెంగా, అటొకటి ఇటొకటి బిగించాను.

జూన్ 22, ఆదివారం
రేంజి. ముందు దగ్గర నుంచి కాల్చి, స్కోపు మరలు తిప్పి గురి సరిచేసుకుంటూ దూరం పెంచాం. చివరికి మూడు వందలు. తూటాలన్నీ నల్ల మచ్చలోనే, పిడికిలంత చోట.
రైఫిల్ ఖాళీ చేసి నాయనను పిలిచాను. మోకాళ్లు పట్టుకొని నెమ్మదిగా పడుకున్నాడు. స్కోపులోంచి చూస్తూ ఉండిపోయాడు. ఎంతసేపటికీ లేవడు.
"ఆడ గడ్డి కదులుతాండాది మ్మా... ఎన్నేండ్లయిందో ఇంత దూరం చూసి."

జూన్ 25
ఆదివారం రేంజిలో తనూ ఒక్క గుండు కాలుస్తానంటున్నాడు నాయన. నేను పక్కనుంటే సరేనన్నాడట కోచ్. నాకు చెప్పకుండానే ఫోన్ చేసి అడిగేశాడు.
భయం తుపాకీ గురించి కాదు. గురి తప్పడం ఎరగని మనిషి. తప్పితే?

జూన్ 27
ఇందాక పెరట్లోకి వెళ్తే చాప మీద బోర్లా పడుకొని ఉన్నాడు. చేతుల్లో ఏమీ లేదు. ఊపిరి బిగబట్టి, గోడ వైపు చూస్తూ, చూపుడువేలు మాత్రం మెల్లగా వెనక్కి లాగుతున్నాడు. వదిలి, మళ్లీ.
చప్పుడు చేయకుండా తలుపు దగ్గరే నిలబడ్డాను.
ఆదివారం రమ్మనాలా, వద్దనాలా...