కొంగు చాటు గ్లౌజులు

ఎల్బీనగర్,
8-12-2011

చిరంజీవి ప్రసన్నకు అమ్మ దీవెనలు. షోలాపూర్‌లో నువ్వు, అల్లుడు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ క్షేమమని రాయాలి. మీ అన్న నరేష్ పోయి నెల నిండని ఇంట్లో ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. తింటున్నాం, లేస్తున్నాం, అంతే.

మీ నాయన మోకాలి నొప్పి అడిగావు. బడంగ్‌పేట్ డాక్టరు మాత్రలు మార్చాడు, కొంచెం నయం. నువ్వు పంపిన చద్దరు కప్పుకుంటున్నాడు.

అన్న దినాలకు వాడి దోస్తు గౌతమ్ ఎందుకు రాలేదనీ అడిగావు. ఆ రోజు ఫోనులో ఇదే అడిగినప్పుడు లైను పోలేదు బిడ్డా, నేనే పెట్టేశాను.

షెడ్డులో వాళ్లిద్దరూ కలిసి చేసిన మిషన్ నీకు తెలుసు. కాలు పోయినవాళ్ల పెట్టుడు కాలికి లోపల వేసే మెత్తటి సిలికాన్ తొడుగు కోసం చేశారు. నలభై చిన్న కప్పుల్లో అదే పోసి, అదే కలిపి, ఏది ఎంతసేపటికి గట్టిపడిందో అదే రాసుకునేది. గట్టిపడటానికి ప్లాటినం మందు ఒక్క చుక్క చాలట. ఆ కప్పులు కడిగేది నేను. "రబ్బరు గ్లౌజులు మాత్రం వేసుకోకండమ్మా. వాటిలో గంధకం ఉంటుంది. కాస్త అంటినా ప్లాటినం పనిచేయదు" అని గౌతమ్ రెండుసార్లు చెప్పాడు.

సబ్బుకు నా చేతులు పగిలి రక్తం వచ్చేది. సకల జనుల సమ్మె రోజుల్లో హయత్‌నగర్‌లో ఒక జత కొని వేసుకున్నాను. కడిగేదే కదా, మందు ముట్టుకుంటున్నానా అనుకున్నాను. అప్పటి నుంచి ఏ కప్పులోనూ సిలికాన్ గట్టిపడలేదు, అంతా జిగురే. నరేష్ ధర్నాలకు పోయేవాడు. షెడ్డు తెరిచేది గౌతమ్ ఒక్కడే.

"నేను లేని దినాలల్లనే ఎట్ల ఖరాబైనయ్‌రా? మీ ఆంధ్రోళ్ల బుద్ధి చూపిచ్చినవ్!" అని నరేష్ గౌతమ్ మీద అరిచాడు.

"బుర్ర కూడా సమ్మెలో ఉందేంట్రా నీకు? ఒక్కరోజు ఆగు. కొత్త కప్పులు పెట్టి చూద్దాం."

"ఏం చూసేది లేదు. పో ఈడికెళ్లి."

అప్పుడు గ్లౌజులు నా చేతుల్లోనే ఉన్నాయి. కొంగు కింద దాచాను. పెద్ద చదువు లేని తల్లిని షెడ్డులోకి రానిచ్చి చెడిపోయానని నరేష్ అంటాడేమోనని సిగ్గు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అంటుండగానే వాడికి కామెర్లు వచ్చాయి. దవాఖానలో కూడా "దోస్త్ అనుకుంటే ముంచిండమ్మా వాడు" అన్నాడు. తల నిమిరాను గానీ నోరు విప్పలేదు.

నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో గౌతమ్ ఇంటికి పోయి అంతా చెప్పాను. వాళ్లమ్మ సీతామహాలక్ష్మిగారు మంచినీళ్లు తెచ్చి, గ్లాసు ఇవ్వకుండానే నిలబడిపోయారు. గౌతమ్ తిట్టలేదు.

"నరేష్‌కి తెలుసా అండీ?" అన్నాడు.

"తెల్వదు బిడ్డా."

"అయితే నేనే చేశాననుకుంటూ పోయాడా?"

అవునన్నాను.

మీ నాయనకు ఇంకా తెలియదు. ఆయనకు చదివి వినిపించాకే ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేస్తాను. జవాబు రాయి. తిడుతూ రాసినా సరే.

ఇట్లు,
నీకూ నరేష్‌కూ అమ్మ,
లలితమ్మ