బావ లేచి నిలబడ్డాడు

అక్కా,

నిన్న నా కొత్త తత్వశాస్త్ర పుస్తకం ఆవిష్కరణ సభలో ఎవరో నా బాల్యం గురించి అడిగారు. పుస్తకాల మధ్య పెరిగానని చెప్పాను. వెనక వరుసలోంచి బావ సంబరంగా లేచి, “మావాడేనండీ! మా సైకిల్ షాపులో పంక్చర్లు వేస్తూనే చదువుకున్నాడు” అన్నాడు. జనం నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. “ఆయనెవరో నాకు తెలియదు” అని మైకులోనే అనేశాను.

బావ చేతులు జోడించి, “పొరబడ్డానండీ, మనిషిని పోలిన మనిషి” అంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత నేను నిజాయితీ మీద గంటసేపు మాట్లాడాను. చప్పట్లు మోగాయి. కిందికి దిగేసరికి బావ లేడు.

ఆదివారం వస్తున్నాను. ఏ మొహం పెట్టుకుని వచ్చావని అడుగు, పడతాను. నేను బ్రహ్మాండంగా మాట్లాడానని బావ నీతో చెప్పే ఉంటాడు. ఆ మాట మాత్రం నమ్మకు.

నీ తమ్ముడు