బల్ల కాలి కింద ఏడు

అమ్మలూ,

నీ చిన్నారి పిచ్చుక లేవగానే, పాలకన్నా ముందు, ఈ చీటీతో పెట్టిన ఇస్పేటు ఏడు దాని చేతికివ్వు. వంటింటి బల్ల ఊగితే ఊగనీ, కాలి కింద ఇంకేమీ దోపకు.

నిన్న పదకొండో తేదీ సాయంత్రం, బ్రెడ్డూ అరటిపండూ తిన్నాక, దానికి కూడికలు వస్తాయని ఇద్దరం పేక ఆడాం. పదులూ బొమ్మలూ తీసేసి, రెండేసి ముక్కలు కలిపి పది చేయాలి. సరిగ్గా కలిపితే చివరికి ఒక్క ముక్కా మిగలదు. దానికి మాత్రం ఒక మూడు మిగిలింది.

"దీనికి ఏడు లేదు తాతయ్యా," అంది.

"లేకేం, కాళ్ళొచ్చి నడిచెళ్ళిందా? ఎక్కడో తప్పు కలిపావు, మళ్ళీ చెయ్యి," అన్నాను. మూడుసార్లు చేయించాను. చివరికి కళ్ళు తుడుచుకుని, "నాదే తప్పులే, నాకు లెక్కలు రావుగా," అంది.

అది పడుకోవడానికి వెళ్ళాక, నేల తుడుస్తుంటే ఏడు కనిపించింది. బల్ల ఊగుతోందని పోయిన నెల మడిచి కాలి కింద పెట్టింది నేనే. మీ అమ్మ ఉంటే, "పిల్లని ఏడిపించేముందు ముక్కలు లెక్కపెట్టుకోండి," అనేది.

లెక్క తనదే రైటని చెప్పు. క్షమాపణ మాత్రం నువ్వు చెప్పకు. లైబ్రరీ నుంచి వచ్చి నేనే అడుగుతాను.

నాన్న

అన్నట్టు, రాత్రి అది నా గదిలోకి వచ్చింది. ఆ ముక్క నా గుప్పిట్లోనే ఉంది. మొహం చెల్లక నిద్ర నటించాను. నా కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, లైటార్పి, చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్ళింది.