ఎర్ర పావడా ఊపిన పాపానికి

థా దువా, అక్టోబరు 1976

బువావన్ అక్కకు, నేను ప్రాణాలతోనే ఉన్నానని ముందు అమ్మకు చెప్పు.

నది అవతల థాయ్‌లాండ్‌లో సైన్యం గద్దెనెక్కింది. మర్నాటి నుంచి మెకాంగ్ మీద పడవలు బంద్. మాకు ఉప్పు లేదు, సబ్బు లేదు, ఈ ఏడు పడవ పందేలూ లేవు. ఏటా పందెం నాడు నీ మరదలి ఎర్ర పావడా ఊపి, "ఓడితే ఇది కట్టుకుపోండ్రా" అని అవతలి జట్టును వెక్కిరించేది నేనేగా. చెయ్యి ఊరుకోక ఈసారీ ఒడ్డున నిలబడి ఊపాను. అటునుంచి కొత్త సిపాయిలు కాల్చారు. చిల్లు పావడాకే పడింది.

అసలు భయం ఇటువైపు వాళ్ళతోనే. మా ఊరి పార్టీ కమిటీ ఆయన పిలిపించి, "ఎర్రగుడ్డతో శత్రువుకు ఏం సైగ చేశావ్, కామ్రేడ్?" అన్నాడు.

"వెక్కిరించానండీ."

"నలభై ఆరేళ్ళొచ్చాయి, వెక్కిరింతలేమిటోయ్?"

అది వట్టి వెక్కిరింతేనని నెలాఖరులోగా రుజువు చూపకపోతే కొండల్లో బుద్ధి మార్చే శిబిరానికి పంపుతారట. వేసవిలో వెళ్ళిన పక్కింటాయన ఇంకా తిరిగి రాలేదు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? ఊరబెట్టిన చేపల జాడీ మూత గట్టిగా బిగించారా? వెంటనే మీ ఊరి పెద్ద చేత ఒక కాగితం రాయించు. నేను పుట్టు కోతినని, సన్యాసి భిక్షాపాత్రలో కప్పను పెట్టానని, అన్నీ ఉండాలి. దారిలో ఈ కార్డు చదివే అయ్యలకూ దణ్ణాలు.

ఇన్నేళ్ళూ నన్ను పనికిమాలినవాడని తిట్టావు. ఆ మాటే ఇప్పుడు సంతకంతో పంపు.

నీ తమ్ముడు,
ఖంఫూయ్